పాత హెచ్81 బోర్డు మీద ఇంకెంత ఆడించొచ్చు: ఒక పీసీ డైరీ

2026 భోగి ముందు రోజు, తెనాలి

ముందు డబ్బాలో ఏముందో రాసిపెట్టుకుంటే తర్వాత లెక్క తేలిక. ఇంటెల్ ఐ5 4570 ప్రాసెసర్, హెచ్81 చిప్‌సెట్ మదర్‌బోర్డు, ఒకే స్టిక్కులో 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 2 జీబీ జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, పేరూ ఊరూ లేని 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా), 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మలు చూపించే, 1080పీ మానిటర్. 2014లో బావ ఆఫీసు లెక్కల కోసం అసెంబుల్ చేయించుకున్న పీసీ ఇది. ఆయన ల్యాప్‌టాప్‌కి మారాక మూలన పడి ఉంది. ఇప్పుడు ఇంటర్ చదివే మేనల్లుడి చేతికి వచ్చింది. వాడికి కావాల్సిన ఆటలు మూడు: జీటీఏ ఫైవ్, కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్.

"మామయ్యా, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలు, మొత్తం సెట్ అయిపోద్ది" అని వాడి వాదన. "ఈ డబ్బా రేపు భోగి మంటల్లో వేసేస్తా, కరెంటు బిల్లైనా తగ్గుద్ది" అని అక్క. బావ మాత్రం పదిహేను వేలు దాటనంటే సరే అన్నారు. కొత్త గేమింగ్ పీసీ అంటే ఇప్పుడు యాభై వేల లోపు తేలేలా లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమొరీ చిప్పుల ధరలు పోయినేడాది చివర్లో అమాంతం ఎగిశాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో చెప్పేసింది కూడా. డీడీఆర్3 పాత సరుకు కాబట్టి ఆ మంట దీనికి పెద్దగా తగల్లేదు. పాత పీసీని లాక్కురావడానికి ఇంతకన్నా మంచి కాలం ఈ మధ్య రాలేదు.

ఏదీ విప్పకముందే కొలతలు తీశాను. జీటీఏ ఫైవ్‌లోనే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) ఉంది కాబట్టి అది. కౌంటర్ స్ట్రైక్‌కి ఒకే మ్యాప్‌లో బాట్లతో (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు) పది నిమిషాలు. పక్కన వేడి, స్పీడు చూడ్డానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఫ్రేముల (తెర మీద వరసగా వచ్చే బొమ్మల) లెక్కకి క్యాప్‌ఫ్రేమ్ఎక్స్. జీటీఏ సగటు దాదాపు 45 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు), "1 శాతం లో" (అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) మాత్రం 14. కౌంటర్ స్ట్రైక్‌లో సెట్టింగులన్నీ తక్కువలో పెట్టినా సగటు 70 దగ్గర, 1 శాతం లో 22.

మావాడు చూసేది సగటు ఒక్కటే. సగటు 70 ఉంటే ఆట ఎందుకు ఆగుతోందని నన్నే అడిగాడు. తెనాలి నుంచి గుంటూరు బస్సు గంటలో చేరిందంటే సగటు వేగం బాగానే ఉన్నట్టు. దార్లో ఎన్ని గుంతల్లో పడి లేచిందో ఆ సగటు చెప్పదు. నడుముకి తెలిసేది గుంతలే. 1 శాతం లో అంటే ఆ గుంతల లెక్క. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. మధ్యలో ఒక ఫ్రేము 80 మిల్లీసెకన్లు తీసుకుందంటే తెర వరసగా ఐదుసార్లు అదే బొమ్మ చూపించిందన్నమాట. ఎదుటివాడు గోడ వెనక నుంచి వచ్చి కాల్చి పోవడానికి ఆ సందు సరిపోతుంది.

అసలు విషయం హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో దొరికింది. ఆట మొదలైన మూడో నిమిషానికే ప్రాసెసర్ 99, 100 డిగ్రీలు. ఈ చిప్ నాలుగు కోర్లూ పనిచేసేటప్పుడు 3.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, ఇది 2.6కి దిగిపోతోంది. 100 డిగ్రీలు తాకగానే చిప్ తనను తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించుకుంటుంది. జనవరి చలిలో ఇలా ఉంటే మే నెలలో తెనాలిలో దీని గతేంటో చెప్పక్కర్లేదు.

కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ప్రయాణం లేదు, మినప గారెలు తిని కూర్చోవడమే కాబట్టి వసారాలో చాప పరిచి కేబినెట్ విప్పాను.

దుమ్ము సంగతి వదిలేయండి, అది అందరి ఇళ్లలోనూ ఉండేదే. మదర్‌బోర్డు ట్రే వెనక, కేబుళ్ల మధ్యలో తెల్లటి బల్లి గుడ్ల పెంకులు. వెనకవైపు ఖాళీ స్లాటుకి రేకు పెట్టలేదు, ఆ సందులోంచి దూరి ఉంటుంది. పెంకులు తీసి అరచేతిలో పెడితే అక్క ఇక వసారాలోకి రాలేదు.

పీసీ ప్లగ్‌లో ఉండగా స్క్రూ తిప్పుతూ ముంజేయి కేబినెట్‌కి ఆనించగానే జివ్వుమంది. "అదెప్పుడూ అంతేలే మామయ్యా, చెప్పులేసుకుని ఆడతా" అన్నాడు మావాడు తేలిగ్గా. ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో! చూస్తే పీసీ ప్లగ్గుని టూ పిన్ కన్వర్టర్ పెట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చారు. ఎర్త్ పిన్ గాల్లో ఉంది. ఎస్ఎంపీఎస్‌లో ఫిల్టర్ కోసం ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మొత్తం మెయిన్స్‌లో సగం ఓల్టేజీ దగ్గర, అంటే 115 ఓల్టుల చుట్టుపక్కల తేలుతుంది. మల్టీమీటర్‌తో కేబినెట్‌కీ వంటింటి ఫ్రిజ్ ప్లగ్ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే వంద దాటి చూపించింది. కరెంటు మిల్లీ ఆంపియర్ కంటే తక్కువే కాబట్టి మనిషికి జివ్వు మాత్రమే. కానీ అదే పీసీకి ఎర్త్ ఉన్న టీవీ హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలిస్తే తేడా అంతా ఆ సన్న పిన్నుల్లోంచి పోతుంది. పోర్టులు కాలిపోవడానికి అది చాలు. పైగా రేపు ఎప్పుడైనా లోపల నిజంగా ఇన్సులేషన్ పోతే కాపాడే దారి కూడా అదొక్కటే. గదిలో త్రీ పిన్ సాకెట్ ఉంది గానీ దాని ఎర్త్ పాయింటుకి వైరే రాలేదు. బావకి చెప్పాను, ఎలక్ట్రీషియన్ పండగ తర్వాత వస్తానన్నాడు. అప్పటిదాకా వంటింటి ప్లగ్ నుంచి మంచి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్.

ఇక శుభ్రం. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. కూలర్ తీస్తే, చిప్ వేడిని దానికి చేర్చే థర్మల్ పేస్టు పొడి పొడిగా రాలింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి: కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి బోర్డులోంచి పైకి లేచి ఉంది. ఇంటెల్ ఇచ్చే కూలర్లకి ఇది పాత జబ్బు. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి పట్టు వదిలేస్తుంది. ఒక మూల లేస్తే చాలు, చిప్ మీద కూలర్ సరిగ్గా కూర్చోదు. ఊళ్లో కంప్యూటర్ షాపు పండక్కి మూసి ఉంది. షాపాయన ఇల్లు బావకి తెలుసు, వెళ్లి అడిగితే పాత స్టాక్ కూలర్ ఒకటి, పేస్టు ట్యూబు ఒకటి కలిపి మూడొందల యాభైకి ఇచ్చాడు. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి బ్రష్‌తో దులిపి పెట్టాను. బోర్డు మీద టైము నిలబెట్టే సీఆర్ 2032 బ్యాటరీ కూడా మార్చేశాం. టైము 2014 జనవరి అని చూపించే పీసీలో వెబ్‌సైట్లు సెక్యూరిటీ సర్టిఫికెట్ తప్పంటూ తెరుచుకోకపోవడం మావాడికి ఇన్నాళ్లూ "వైరస్".

మూత పెట్టి మళ్లీ అదే బెంచ్‌మార్క్. ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర ఆగింది. జీటీఏ సగటు 55, 1 శాతం లో 26. మూడొందల యాభై రూపాయలకి గుంతలు దాదాపు సగం పూడాయి. మావాడి మొహంలో మాత్రం పెద్ద సంతోషం లేదు, వాడికి కార్డే కావాలి.

అదే రాత్రి, ఫ్రేములకి కళ్లెం

పడుకునే ముందు ఇంకోటి చేశాను, దీనికి పైసా ఖర్చు లేదు. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 60కి మించి ఫ్రేములు తయారుచేసినా కంటికి పెద్దగా అందేది లేదు. అయినా ఆటని దాని మానాన వదిలేస్తే ప్రాసెసర్ నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం ఊదేసుకుని ఫ్రేములు తయారుచేస్తూనే ఉంటుంది. కొత్త వీధి లోడ్ చేయాల్సి వచ్చిన క్షణాన దాని చేతిలో ఖాళీ ఉండదు, అక్కడే ఆగుతుంది. నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఉన్న ఐ5లతో జీటీఏ ఫైవ్‌కి ఈ గొడవ ఏళ్లుగా ఉంది. రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 60 దగ్గర క్యాప్ (హద్దు) పెట్టాను. సగటు 54కి తగ్గింది, 1 శాతం లో 33కి పెరిగింది. స్టీరింగ్ తిప్పితే కారు తిరుగుతోందని వాడే అన్నాడు.

కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ ఆటలో క్యాప్ పెట్టమని గట్టిగా చెప్పను. అక్కడ ఫ్రేములు ఎక్కువైతే మౌస్ కదలిక తెర మీదికి రావడంలో ఆలస్యం కాస్త తగ్గుతుంది. అది ఆడేవాడి ఇష్టం.

సికింద్రాబాద్, పండగ తర్వాత

కేబినెట్‌ని దుప్పట్లో చుట్టి రైల్లో తెచ్చేశాను. గ్రాఫిక్స్ కార్డు ముందే పీకి చేతి సంచిలో పెట్టుకున్నా. ప్రయాణంలో దాని బరువంతా స్లాటు మీద పడితే స్లాటే పోతుంది.

మొదటి పని ర్యామ్. హెచ్81 బోర్డులో రెండే స్లాట్లు, 16 జీబీ దాటి పెట్టడానికి లేదు. ఇన్నాళ్లూ ఒకే స్టిక్కు కాబట్టి సింగిల్ ఛానెల్‌లో, అంటే ఒకే దారిలో, నడిచింది. డీడీఆర్3 1600 ఒక ఛానెల్‌లో సెకనుకి 12.8 జీబీ మోస్తుంది, రెండు ఛానెళ్లయితే 25.6. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)కి వెళ్లాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ పని ఉన్నవాడెవడికైనా సీటీసీ అంటే ఇల్లే. కింది షాపుల్లో కొత్త ర్యామ్ ధర అడిగినవాళ్లు ధర వినగానే వెనక్కి తిరుగుతున్నారు. పాత మాల్ అమ్మే చోట 8 జీబీ డీడీఆర్3 1600 స్టిక్కు ఎనిమిదొందలు. ఇంటికొచ్చి రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 తిప్పాను, తప్పు ఒక్కటీ లేదు. సెకండ్ హ్యాండ్ ర్యామ్‌కి ఈ పని మానకూడదు. ర్యామ్ పాడైతే ఆట మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు నెపం కార్డు మీదా, డ్రైవర్ మీదా పడుతుంది.

క్యాప్‌తోనే కొలిస్తే జీటీఏ సగటు 57, 1 శాతం లో 41. అంటే గ్రాఫిక్స్ కార్డు ముట్టుకోకుండానే 14 నుంచి 41కి వచ్చాం. ఖర్చు ఇంకా పన్నెండొందల లోపే.

హార్డ్ డిస్క్ గురించి ఎక్కువ రాయను. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు వచ్చింది, పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయించే చోట్లు) మొదలయ్యాయి. 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ రెండు వేలకి కొత్తదే తీసుకున్నా. హెచ్81లో డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగున్నా 6 గిగాబిట్ స్పీడు ఉన్నవి రెండే, మిగతా రెండూ 3 గిగాబిట్. బోర్డు మీద రాసి ఉంటుంది, చూసి గుచ్చుకోవాలి. పాత డిస్కులోంచి పెళ్లి ఫోటోలన్నీ ముందు బయటికి లాగాను. అక్క అడిగేది అవే.

విండోస్ దగ్గర కాస్త తర్జనభర్జన. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే లెక్క. మనది నాలుగో తరం. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి గానీ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యే ఏర్పాటు) లేకపోతే వాలరెంట్ తెరుచుకోదు. లైనక్స్ పెడదామంటే వాలరెంట్ యాంటీ చీట్ (మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్) అక్కడ అసలు నడవదు. కాబట్టి విండోస్ 10 మీదే ఉండి, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేశాను. అవి 2026 అక్టోబరు దాకా వస్తాయి.

ఎస్ఎంపీఎస్

కొత్త కార్డు కొనేముందు దానికి తిండి పెట్టేదాన్ని చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు 12 ఓల్టుల పసుపు వైరు మీద 12.1 వచ్చింది. కార్డునీ ప్రాసెసర్‌నీ నిండా పనిచేయించే ఫర్‌మార్క్, ప్రైమ్95 కలిపి నడిపితే 11.3కి జారింది. ఎస్ఎంపీఎస్‌లకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం అయిదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 కంటే కిందికి పోకూడదు. 60 వాట్ల 750 టీఐకే ఇలా మొగ్గితే పెద్ద కార్డుకి చేతులెత్తేస్తుంది. ఫ్యాన్ జాలీలోంచి టార్చ్ వేసి చూస్తే రెండు కెపాసిటర్ల పైకప్పు ఉబ్బి ఉంది.

లోపలి కెపాసిటర్లు మార్చి వాడుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. పని వచ్చినవాళ్లు చేసుకోవచ్చు. రానివాళ్లు ఆ డబ్బా విప్పొద్దు. మన 230 ఓల్టులు రెక్టిఫై అయితే, అంటే డీసీగా మారితే, పెద్ద కెపాసిటర్‌లో 320 ఓల్టుల పైన నిలవ ఉంటుంది. ప్లగ్ పీకినా వెంటనే పోదు.

లెక్క వేస్తే ప్రాసెసర్ 84 వాట్లు, అనుకున్న కార్డు 100 వాట్లు, మిగతావన్నీ కలిపి 50. అంటే 250 లోపే. దానికి 750 వాట్ల ఎస్ఎంపీఎస్ అంటగట్టబోయే షాపులు ఉంటాయి. వాట్లు ఎక్కువని కాదు, నిజంగా ఇచ్చేది కావాలి. పేరున్న కంపెనీ 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేసే గ్రేడు), కొత్తది, బిల్లుతో రెండు వేల ఎనిమిది వందలు. ఈ మొత్తం పనిలో సెకండ్ హ్యాండ్ వద్దని పట్టుబట్టిన వస్తువు ఇదొక్కటే. ఎస్ఎస్‌డీ కూడా కొత్తదే అనుకోండి, కానీ అది పోతే డేటా పోతుంది. ఇది పోతే అన్నిటినీ తీసుకుపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు వేట

మావాడు ఫోన్లో పంపిన మొదటి ఎంపిక ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. 2022లో వచ్చింది, చూడ్డానికి కొత్తది. ఈ బోర్డుకి అది సరిపోదు. ఆ కార్డుకి పీసీఐ లేన్లు, అంటే బోర్డుతో డేటా మార్చుకునే దారులు, నాలుగే. పీసీఐ 4.0లో అయితే నెట్టుకొస్తుంది. హెచ్81 మాత్రం గ్రాఫిక్స్ స్లాటుకి ఇచ్చేది పీసీఐ 2.0. అందులో లేనుకి సెకనుకి 500 ఎంబీ. నాలుగు లేన్లంటే 2 జీబీ. కార్డులో మెమొరీ 4 జీబీయే, అది నిండగానే ఆట సిస్టమ్ ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి, ఆ ఇరుకు దారిలోంచే. అదే పదహారు లేన్ల కార్డయితే ఇదే స్లాటులో 8 జీబీ వెళ్తుంది. కొత్త కార్డు పాత బోర్డు మీద పాత కార్డు కంటే తక్కువగా ఆడొచ్చు అంటే వాడు నమ్మలేదు. లెక్క రాసి వాట్సాప్‌లో పంపితే కాసేపటికి ఒక దండం బొమ్మ వచ్చింది.

సీటీసీలో ఎక్కడ చూసినా ఏఎండీ పాత కార్డులు ఆర్ఎక్స్ 570, 580లే. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చి, గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ (నాణేల కోసం రాత్రీపగలూ లెక్కలు నడపడం) అవసరం లేకుండా చేసుకుంది. అప్పటి నుంచి ఆ కార్డులు కట్టలు తెంచుకుని బజారులోకి వచ్చాయి. మైనింగ్ కార్డంటే చెడ్డదేమీ కాదు. చిప్ బాగానే ఉంటుంది. అరిగేవి ఫ్యాన్లు, ఎండేవి మెమొరీ మీది ప్యాడ్లు. బయోస్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చేసి ఉండొచ్చు, అది తిరిగి సరిచేసుకోవచ్చు. ఇంకో కిటుకు: ఆర్ఎక్స్ 580 2048ఎస్‌పీ అని ఒకటి ఉంది. పేరు 580, లోపల సత్తా 570ది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో షేడర్ల (లెక్కలు చేసే కోర్ల) సంఖ్య 2304 ఉంటేనే అసలు 580.

ఆ ధరకే ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 6 జీబీ కూడా చూపించారు. 1060కీ ఆర్ఎక్స్‌లకీ అడ్డొచ్చింది డ్రైవర్లు. మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలకి, అంటే మన 750 టీఐ, ఆ 1060 రెండిటికీ, ఎన్‌విడియా కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక వచ్చేవి 2028 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లే. ఏఎండీ 570, 580ల తరాన్ని 2023 చివర్లోనే వేరే డ్రైవర్ల శాఖకి నెట్టేసింది. ఎన్‌విడియాలో పాస్కల్ తర్వాతి ట్యూరింగ్ తరానికి ఇంకా పూర్తి డ్రైవర్లు వస్తున్నాయి. అందులో నాకు కావాల్సింది జీటీఎక్స్ 1650 సూపర్. మామూలు 1650 కాదు. సూపర్‌లో 1280 కోర్లు, జీడీడీఆర్6 మెమొరీ, 100 వాట్లు, ఒక్క ఆరు పిన్నుల కేబుల్. మామూలు దానిలో 896 కోర్లే. పేరులో ఒక్క మాట తేడా, ఆటలో చాలా తేడా.

దొరికింది, ఆరు వేలకి. కొనేముందు షాపాయన బెంచ్ మీదే జీపీయూ-జెడ్ తెరిపించాను. పాత చిప్పుకి కొత్త పేరు ఫ్లాష్ చేసిన దొంగ కార్డుల్ని అది చాలావరకు పట్టేసి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ పది నిమిషాలు. తెర మీద చుక్కలూ గీతలూ లేవు, 72 డిగ్రీలు. ఒక ఫ్యాన్ మాత్రం మొదలయ్యేటప్పుడు గీరుమంటోంది. అది చూపించి మూడొందలు తగ్గించమంటే, "అన్నా, ఫ్యానే కదా, నూనె చుక్క వేస్తే సరి" అన్నాడు. చివరికి రెండొందలు తగ్గి, వారం రోజులు టెస్టింగ్ వారంటీ ఇచ్చాడు.

కార్డు పెట్టాక, ప్రాసెసర్ మార్చకముందు

ఇక్కడ కావాలనే ఒక రోజు ఆగాను. మేనల్లుడి వాదన పరీక్షించాలి కదా. ఐ5 అలాగే ఉంచి, కొత్త కార్డుతో, క్యాప్ తీసేసి కౌంటర్ స్ట్రైక్ నడిపాను. సగటు 95కి వెళ్లింది. 1 శాతం లో 38. ర్యామ్ పెట్టాక పాత కార్డుతో ఉన్నది 35. అంటే ఆరు వేల కార్డు గుంతల్లో తెచ్చిన మార్పు కంటికి ఆనదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో నాలుగు థ్రెడ్లూ 98 నుంచి 100 శాతంలో ఉంటే, కార్డు 60 శాతం దగ్గర తీరిగ్గా ఉంది. పొగలు బాంబులు ఒకేసారి పడ్డప్పుడల్లా ఫ్రేమ్ టైము గీత పైకి ఎగిరి దిగుతోంది. ఆ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీసి వాడికి పంపాను.

దీనికి ఈ సాకెట్‌లో మందు ఐ7. 4770కి అవే నాలుగు కోర్లు, కానీ ఎనిమిది థ్రెడ్లు, నాలుగు కోర్లూ నడిచేటప్పుడు 3.7 గిగాహెర్ట్జ్. 4790 ఇంకాస్త వేగం. అయితే అది 2014లో వచ్చిన రిఫ్రెష్ చిప్, హెచ్81 లాంటి 8 సిరీస్ బోర్డులకి ముందు బయోస్ అప్‌డేట్ కావాలి. ఈ బోర్డు తయారీదారు సైట్లో ఫైలు ఉంది గానీ, 100 మెగాహెర్ట్జ్ కోసం పన్నెండేళ్ల బోర్డు బయోస్‌తో ఆటలాడటం నాకు నచ్చలేదు. 4770 మూడున్నర వేలు. పాత ఐ5కీ దీనికీ టీడీపీ (చిప్ వెదజల్లే వేడి లెక్క) 84 వాట్లే. కానీ ఎనిమిది థ్రెడ్లు నిండా పనిచేస్తే వేడి ఎక్కువే. తెనాలి షాపాయన కూలర్‌తో 82 డిగ్రీలు చూపిస్తోంది. జనవరికి ఫర్వాలేదు.

పెట్టి నడిపితే కౌంటర్ స్ట్రైక్ సగటు 128, 1 శాతం లో 66. జీటీఏ ఫైవ్‌లో సెట్టింగులు హై పెట్టి 60 క్యాప్‌తో 1 శాతం లో 55. దాదాపు గీత గీసినట్టు సాగింది. వాలరెంట్ పాత పీసీలకి కనికరం ఉన్న ఆట, దాని లెక్క రాయడం దండగ.

మొత్తం ఖర్చు పదిహేను వేలు దాటింది, ఓ రెండున్నర వందలు. పాత ఐ5ని పన్నెండొందలకి అదే షాపు తీసుకుంది కాబట్టి బావ మాట దక్కింది.

శివరాత్రి, మళ్లీ తెనాలి

పీసీ తిరిగి గదిలోకి చేరింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ వైరు లాగాడు. మీటరు పెడితే కేబినెట్ మీద సున్నాకి దగ్గర. ఖాళీ స్లాటుకి రేకు బిగించాను, ఇక బల్లులు వేరే ఇల్లు చూసుకోవాలి.

మావాడు కూర్చున్న గంటకే కొత్త ఆటల జాబితా తీశాడు. ఇక్కడ ముందే కుండబద్దలు కొట్టాను. రే ట్రేసింగ్ (వెలుతురు నడకని లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్ లేనిదే మొదలవని ఆటలు వచ్చేశాయి, 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్ అలాంటివే. 1650 సూపర్‌లో ఆ హార్డ్‌వేర్ లేదు. ఎన్ని సెట్టింగులు తగ్గించినా అవి తెరుచుకోవు. 4 జీబీ మెమొరీ కూడా ఈ కార్డుకి గట్టి హద్దే. టెక్స్‌చర్లు (వస్తువుల మీద అతికే బొమ్మలు) హై పెడితే 1080పీలోనే కొత్త ఆటలు నిండేస్తాయి. ప్రాసెసర్ నాలుగో తరం, అంటే హాస్‌వెల్, కావడం వల్ల ఏవీఎక్స్2 (కొన్ని ఆటలకి కావాల్సిన చిప్ ఆదేశాలు) ఉంది, అది అడిగే ఆటలైనా మొదలవుతాయి. దీనికి ముందు తరాల ఐ5, ఐ7లు ఉన్నవాళ్లకి ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి పని మొదలుపెట్టే ముందు మీ చిప్ ఏ తరమో చూసుకోండి. రెండో, మూడో తరం అయితే నేను ఇంత డబ్బు పెట్టను.

750 టీఐ నా దగ్గరే ఉంది. కరెంటు కనెక్టర్ అక్కర్లేదు, ఏ పీసీలోనైనా పెట్టి డిస్‌ప్లే వస్తుందో లేదో చూడ్డానికి పనికొస్తుంది. ఎనిమిదొందలకి అమ్మడం కంటే అదే మేలు.

మిగిలిన పనులు రెండు. కేబినెట్ వెనక 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి బిగించాలి, ఇప్పుడు వేడి గాలి బయటికి పోయేది ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ నుంచి మాత్రమే. చలికాలంలో 82 చూపించే ప్రాసెసర్ ఎండాకాలం గది 38కి చేరితే 90 దాటుతుంది. అప్పుడు నాలుగు రాగి గొట్టాల టవర్ కూలర్ తప్పకపోవచ్చు. లేదంటే బయోస్‌లో పవర్ లిమిట్ కాస్త తగ్గించి చూడాలి, ఈ బోర్డు ఆ ఆప్షన్ ఇస్తోంది. మే సెలవుల్లో మిట్ట మధ్యాహ్నం, ఏసీ లేకుండా, ఇదే బెంచ్‌మార్క్ నడిపి ఆ అంకెలు దీని కిందే చేరుస్తాను.